అలాస్కా అభయారణ్యంలో చమురు తవ్వకం: 45 ఏళ్లుగా తేలని తగవు

#1 · నేరేడుచెట్టు (హైదరాబాద్)

అందరికీ నమస్తే. డిగ్రీ పిల్లలకు భూగోళం చెప్తాను. మొన్న క్లాసులో ఆర్కిటిక్ పాఠం నడుస్తుంటే ఒక అమ్మాయి లేచి అడిగింది: "మేడం, వేలం పెడితే ఒక్కరు కూడా రాని నేల కోసం ఇన్నేళ్లు ఎందుకు కొట్లాడుకుంటున్నారు?" నాకు తెలిసింది చెప్పాను గానీ నాకే తృప్తి కలగలేదు. ఇక్కడ చమురు రంగంలో ఉన్నవాళ్లు ఉన్నారు, అలాస్కాలో ఉన్నవాళ్లూ ఉన్నారు. అందుకే ఇక్కడ పెడుతున్నా.

కొత్తవాళ్ల కోసం విషయం క్లుప్తంగా. అలాస్కా ఈశాన్య మూల, కెనడా సరిహద్దును ఆనుకుని ఆర్కిటిక్ నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్ ఉంది. 1960లో పెట్టారు. 1980 డిసెంబరులో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో అది సుమారు 1.9 కోట్ల ఎకరాలకు పెరిగింది. అందులో ఉత్తరాన సముద్రం వెంబడి ఉన్న 15 లక్షల పైచిలుకు ఎకరాల మైదానాన్ని మాత్రం ఎటూ తేల్చకుండా వదిలేశారు. ఆ చట్టంలోని సెక్షన్ నంబరు 1002 కాబట్టి ఆ నేలకు '1002 ఏరియా' అనే పేరు పడిపోయింది. అక్కడ చమురు తీయాలంటే అమెరికా కాంగ్రెస్ మళ్లీ చట్టం చేయాలి. తగవంతా ఈ ముక్క గురించే.

2017లో పన్నుల చట్టంలో పెట్టి ఆ తలుపు తెరిచారు. 2021 జనవరిలో మొదటి వేలం. 2025 జనవరిలో రెండోది, దానికి ఒక్క బిడ్ కూడా రాలేదు. అదే ఏడాది జులైలో ఇంకో నాలుగు వేలాలు పెట్టి తీరాలని మరో చట్టం వచ్చింది. అక్టోబరులో మైదానం మొత్తాన్ని లీజులకు తెరుస్తున్నామని ప్రకటించారు.

మనం 'అభయారణ్యం' అంటాం గానీ ఆ మైదానంలో చెట్టన్నదే లేదు. పిల్లలకు ముందు అదే చెప్పాల్సి వచ్చింది. అభయం ఇవ్వడానికి అరణ్యమే ఉండాలని లేదు కదా.

#2 · గల్ఫ్‌కోస్ట్ (హ్యూస్టన్)

మేడం, మంచి ప్రశ్న. 18 ఏళ్లుగా రిజర్వాయర్ ఇంజినీరుగా, అంటే నేల కింది చమురు నిల్వల లెక్క చూసేవాడిగా, పనిచేస్తున్నాను, అలాస్కా ప్రాజెక్టుల లెక్కలు కూడా చూశాను. ఇప్పుడు రాసేది నా సొంత అభిప్రాయం.

బిడ్ రాలేదంటే చమురు లేదని కాదు. అమెరికా భూగర్భ సర్వే 1998లో వేసిన అంచనా ప్రకారం ఆ మైదానంలో, చుట్టుపక్కల స్థానికుల, రాష్ట్ర భూములతో కలిపి, వెలికి తీయగలిగిన చమురు 570 కోట్ల నుంచి 1,600 కోట్ల బ్యారెళ్ల మధ్య ఉంటుంది. సగటు 1,040 కోట్లు. అంత పెద్ద నిల్వ ఉండొచ్చన్న నేల మరొకటి చూపించండి. బిడ్ ఎందుకు రాలేదంటే, ఒక ప్రభుత్వం లీజు ఇస్తుంది, తర్వాతిది రద్దు చేస్తుంది, ఆ తర్వాతిది మళ్లీ ఇస్తుంది. బావి నుంచి మొదటి చుక్క రావడానికి పదేళ్లు పడుతుంది. పదేళ్లలో ముగ్గురు అధ్యక్షులు మారొచ్చు. ఏ కంపెనీ అయినా ఎందుకు దిగుతుంది?

ఇంకో మాట. తవ్వకం అంటే మనవాళ్ల కళ్లముందు 1970ల నాటి బొమ్మే మెదులుతుంది. అప్పట్లో ఒక డ్రిల్లింగ్ ప్యాడ్, అంటే బావులు తవ్వడానికి చదును చేసిన స్థలం, 60 ఎకరాలకు పైగా ఉండేది. ఇప్పుడు పన్నెండు, పదిహేను ఎకరాల్లో సర్దేస్తున్నాం. ఒకే చోట నిలబడి నేల కింద అడ్డంగా మైళ్ల దూరం తొలుచుకుంటూ వెళ్లొచ్చు. పనంతా చలికాలంలో, మంచు రోడ్ల మీద జరుగుతుంది. వేసవికి రోడ్డు కరిగిపోతుంది, గుర్తు కూడా మిగలదు. 2017 చట్టం ఉపరితల కట్టడాలను 2,000 ఎకరాలకే పరిమితం చేసింది. 15 లక్షల్లో 2,000 అంటే ఎంతండీ?

మనం వాడే చమురు ఎక్కడో ఒకచోట తవ్వాల్సిందే. మన దేశం 85 శాతానికి పైగా బయటి నుంచే తెచ్చుకుంటోంది. ఏ నియమాలూ లేని చోట తవ్వడం కంటే గట్టి నియమాలున్న అమెరికాలో తవ్వడం మేలు. చమురు తవ్వకంతో పాడైపోయిన నైజీరియాలోని నైజర్ డెల్టాను చూసినవాడెవడూ ఈ మాట కాదనడు.

#3 · లెక్కలపుస్తకం (కడప)

గల్ఫ్‌కోస్ట్ గారూ, నేను పుట్టింది లెక్కల కుటుంబంలో, కాబట్టి డబ్బు వైపు నుంచే మాట్లాడతా.

2017లో ఆ అంశాన్ని పన్నుల చట్టంలో ఎందుకు జొప్పించారు? పదేళ్లలో ఖజానాకు 100 కోట్ల డాలర్లు తెస్తామని లెక్క చూపించి, పన్ను కోతల పక్కన ఆదాయంగా రాశారు. బడ్జెట్ బిల్లు కాబట్టి సెనేట్‌లో 60 ఓట్లు అక్కర్లేదు, మామూలు మెజారిటీ చాలు. మరి 2021 జనవరి 6న వేలంలో వచ్చింది ఎంత? 1.44 కోట్ల డాలర్లు! అందులోనూ ఎక్కువ భాగం పాడింది చమురు కంపెనీ కాదు, అలాస్కా రాష్ట్ర ప్రభుత్వానికే చెందిన అభివృద్ధి సంస్థ. అంటే ప్రజల సొమ్ముతో ప్రజల నేలను ప్రభుత్వమే పాడుకుంది. పెద్ద కంపెనీ ఒక్కటీ రాలేదు. లీజు తీసుకున్న రెండు చిన్న సంస్థలు కూడా రెండేళ్లు తిరక్కుండానే వదిలేసుకున్నాయి.

"ప్రభుత్వాలు మారతాయి కాబట్టి రాలేదు" అన్నారు మీరు. సగం ఒప్పుకుంటా. 2023 సెప్టెంబరులో మిగిలిన లీజులు రద్దు చేశారు, ఆ రద్దు చెల్లదని 2025 మార్చిలో కోర్టు చెప్పింది. ఇంత ఊగిసలాటలో ఎవరూ పెట్టుబడి పెట్టరు. కానీ మిగతా సగం? 2020 చివరికి అమెరికాలోని ఆరు పెద్ద బ్యాంకులూ ఆర్కిటిక్ చమురుకు అప్పివ్వబోమని ప్రకటించాయి. అమెరికాలోనే షేల్ అనే రాతి పొరల్లోంచి చమురు తీసే బావిలో ఏడాదికే నూనె కళ్లబడుతుంటే, మంచులో పదేళ్లు ఎదురుచూడమంటే వ్యాపారి ఎందుకు ఆగుతాడు?

మరో లెక్క. అమెరికా రోజుకు సుమారు 2 కోట్ల బ్యారెళ్లు వాడుతుంది. మీరు చెప్పిన ఆ సగటు 1,040 కోట్లూ మొత్తం దొరికినా 520 రోజుల ఖర్చు.

#4 · గల్ఫ్‌కోస్ట్

520 రోజుల లెక్క నాకు ఎప్పుడూ నచ్చదు. ఏ ఒక్క క్షేత్రమూ దేశం మొత్తాన్నీ పోషించదు. ఆ లెక్కన గోదావరి జిల్లాల వరి ఒక్కటే దేశానికి ఎన్ని రోజులు వస్తుందని అడిగి, అక్కడ సాగు ఎందుకని అడిగినట్టుంటుంది.

అలాస్కాకు అసలు సమస్య పైప్‌లైన్. ఉత్తర తీరంలో ప్రుడో బే అనే చోట 1968లో చమురు పడింది. 1977లో 800 మైళ్ల గొట్టం పూర్తయింది. 1988లో రోజుకు 20 లక్షల బ్యారెళ్లు పారేవి, ఇప్పుడు 5 లక్షలు కూడా లేవు. గొట్టంలో చమురు తగ్గితే నెమ్మదిగా కదులుతుంది, చల్లబడుతుంది, మైనం పేరుకుంటుంది. ఒక స్థాయి కంటే దిగితే గొట్టమే మూసేయాలి. అది మూతపడితే ఉత్తర అలాస్కాలో ఉన్న బావులన్నీ చచ్చినట్టే. రాష్ట్ర ఆదాయం, బడులు, ఆస్పత్రులు దాని మీదే నడుస్తున్నాయి.

#5 · ధ్రువతార (ఫెయిర్‌బ్యాంక్స్, అలాస్కా)

ఈ చర్చ ఇప్పుడే చూశాను. పదకొండేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను. పుట్టింది విజయనగరం. మంచుకింద నేల మీద పనిచేసే బృందంలో ఉన్నాను. ఆ మైదానం మీద చిన్న విమానంలో రెండుసార్లు ఎగిరాను, ఒకసారి కింద దిగి నాలుగు రోజులు ఉన్నాను.

"వేసవికి గుర్తు కూడా మిగలదు" అన్న వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. 1984, 85 చలికాలాల్లో ఆ మైదానమంతటా సీస్మిక్ సర్వే, అంటే నేలలోకి కంపనాలు పంపి చమురు వెతికే సర్వే, చేశారు. బరువైన వాహనాలతో గీతలు గీసినట్టు నేలనంతా గాలించారు. అప్పుడూ చలికాలమే, అప్పుడూ మంచు మీదే. ఆ చాళ్లు దశాబ్దాల తర్వాత కూడా కొన్ని చోట్ల కనిపిస్తున్నాయి. టండ్రాలో, అంటే చెట్లు లేని ఈ చలి నేలలో, పైన జానెడు నాచు, గడ్డి. దాని కింద వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేల. ఆ పైపొర దుప్పటి లాంటిది. అది నలిగితే కింది మంచు కరుగుతుంది, నేల కుంగుతుంది, నీళ్లు నిలుస్తాయి. నీళ్లు నిలిచిన చోట ఎండ వేడి ఇంకా లోపలికి దిగుతుంది. ఒకసారి మొదలైతే దాన్ని ఆపడం మన చేతుల్లో ఉండదు.

మంచు రోడ్డు మాటకొస్తే, మైలు రోడ్డుకు సుమారు 10 లక్షల గ్యాలన్ల మంచినీళ్లు కావాలి. పడమర వైపు చమురు క్షేత్రాల దగ్గర చెరువులు లెక్కలేనన్ని. ఈ మైదానంలో చెరువులు చాలా తక్కువ, చలికాలంలో నదులు అడుగు దాకా గడ్డకడతాయి. ఆ నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు?

ఇంకా, "చలికాలంలో క్యారిబూ దుప్పులు ఉండవు కదా" అంటారు. నిజమే. కానీ ఆ చలికాలంలోనే ఆడ ధ్రువపు ఎలుగుబంట్లు అక్కడి మంచు దిబ్బల్లో బొరియలు చేసుకుని పిల్లల్ని కంటాయి. ఆ సముద్ర తీరానికి చెందిన ఎలుగులు ఇప్పుడు 900 వరకే ఉన్నాయని అంచనా. మార్చి, ఏప్రిల్ దాకా బయటికి రావు. రోడ్డు వేసేవాళ్లకు ఆ బొరియ పైనుంచి కనబడదు.

#6 · నేరేడుచెట్టు

ధ్రువతార గారూ, మీలాంటి వాళ్ల కోసమే చూస్తున్నాను. క్యారిబూ గురించి చెప్పండి. మా పుస్తకంలో ఒక్క వాక్యమే ఉంది.

#7 · ధ్రువతార

క్యారిబూ అంటే మంచుదేశపు దుప్పి అనుకోండి. ఆడదానికి కూడా కొమ్ములుంటాయి. ఈ మందను పోర్క్యుపైన్ మంద అంటారు, ఆ పేరున్న నది మీదుగా తిరుగుతుంది కాబట్టి. 2017లో లెక్కపెడితే సుమారు 2,18,000 ఉన్నాయి. చలికాలమంతా దక్షిణాన అడవుల్లో, కెనడా వైపు గడిపి, మంచు కరగక ముందే బయలుదేరతాయి. నిండు చూలుతో ఉన్న ఆడవి ముందు, మగవి వెనక. కొండలు దాటి, నదులు ఈది, జూన్ మొదటి రోజులకు సముద్రం పక్కకు చేరి ఈనతాయి.

అక్కడికే ఎందుకు రావాలి? మూడు కారణాలు చెప్తారు ఇక్కడివాళ్లు. సరిగ్గా అప్పుడే అక్కడ లేత గడ్డి మొలుస్తుంది, పాలు పడటానికి అదే బలం. తోడేళ్లు కొండల్లోనే ఎక్కువ, మైదానంలో తక్కువ. తర్వాత దోమలు లేచే కాలానికి సముద్రపు గాలి వాటిని తరిమేస్తుంది. దోమలంటే మన ఊరి దోమలు కావండీ, మందను పరుగులు పెట్టించి తిండి మానిపించే దోమలు. పుట్టిన దూడ గంటల్లోనే నడుస్తుంది, కానీ మొదటి మూడు వారాలు తల్లి పాలు చాలకపోతే బతకదు. ఆ మూడు వారాల కోసమే ఆ మైదానం.

మంచు ఎక్కువ పడి మంద ఆలస్యమైన ఏళ్లు ఉన్నాయి. అప్పుడు కెనడా వైపే ఈనేశాయి, ఆ ఏళ్లలో దూడలు ఎక్కువ చచ్చిపోయాయి. మైదానం దక్కకపోతే ఏం జరుగుతుందో అదే చూపించింది.

#8 · గల్ఫ్‌కోస్ట్

గౌరవంతోనే అడుగుతున్నాను. ప్రుడో బే పక్కన తిరిగే మంద సంగతి ఏమిటి? చమురు రాకముందు 5,000 ఉండేది. 2010కి 68,000 అయింది. బావులు, గొట్టాలు, రోడ్ల మధ్యనే పెరిగింది. గొట్టం నీడలో క్యారిబూ పడుకున్న ఫొటోలు మా ఆఫీసులో గోడకే ఉన్నాయి.

#9 · ధ్రువతార

ఆ మంద 2010 తర్వాత మూడో వంతుకు పడిపోయింది. 2016కి సుమారు 22,000 అయింది. చమురు వల్లే పడిందని నేను అనను, ఆర్కిటిక్‌లో మందలు ఎప్పుడూ ఉబ్బి తగ్గుతుంటాయి. అందుకే పెరిగినప్పుడు చమురు వల్ల నష్టం లేదని కూడా అనలేం.

ఆ ఫొటోల్లో ఉండేవి ఎక్కువగా మగవి, లేదా దోమల కాలంలో ప్యాడ్ మీద గాలికి వచ్చినవి. దూడ పక్కనున్న తల్లి రోడ్డుకు రెండు మూడు మైళ్ల దూరం పాటిస్తుందని ప్రుడో బే దగ్గరే దశాబ్దాల పాటు గమనించారు. ప్రుడో దగ్గర కొండలకూ సముద్రానికీ మధ్య దూరం చాలా ఎక్కువ, తల్లి పక్కకు తప్పుకోవడానికి చోటుంది. ఇక్కడ బ్రూక్స్ పర్వతాలు సముద్రానికి దగ్గరగా వచ్చేస్తాయి. మైదానం వెడల్పు 15 నుంచి 40 మైళ్లే. తప్పుకుంటే ఎటు? ఒకవైపు తోడేళ్లుండే కొండలు, రెండోవైపు సముద్రం.

2,000 ఎకరాల సంగతి కూడా చెప్పేస్తాను. ఆ లెక్కలో గొట్టం మొత్తం పొడవు రాదు, గొట్టాన్ని నిలబెట్టే దిమ్మెలు నేలను తాకినంత మేరే లెక్క. సాలెగూడును దారం మందంతో కొలిస్తే గోరంత కూడా ఉండదు. పురుగుకు మాత్రం గది మొత్తం సాలెగూడే.

#10 · ఉప్పుటేరు (అమలాపురం)

ఆ సాలెగూడు మాట నిజమండి. మావైపు వచ్చి చూడండి, కొబ్బరితోటల కింద ఎన్ని గొట్టాలు పోతున్నాయో. భూమి కొలిస్తే రెండు గజాలే. పడుకుంటే నిద్ర మాత్రం పట్టదు.

#11 · పెంటబడి (అచ్చంపేట)

ఇంతసేపు దుప్పుల గురించి, డాలర్ల గురించి చదివిన. మనుషుల సంగతి ఏంది? అక్కడ ఎవరన్న ఉంటరా?

ఎందుకు అడుగుతున్ననంటే, నేను నల్లమలలో చెంచు పిల్లల బడిల పన్నెండేండ్లు పంతులుగ చేసిన. 2019ల అమ్రాబాద్ పులుల అడవిలో యురేనియం కోసం 4,000 బోర్లు వెయ్యాలని ప్రతిపాదన వచ్చింది. సర్వేకు ఆ ఏడు మే నెలల కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగ సరే అన్నది. అప్పుడు పేపర్ల నిండ పులి బొమ్మలే. పులిని కాపాడాలె, నిజమే. కానీ పెంటల్ల, అంటే చెంచు గూడేలల్ల, ఉన్న ముసలోళ్లు నన్ను ఒక్కటే అడిగిండ్రు: "సారూ, పులి కోసమని మమ్మల్ని లేచిపొమ్మన్నరు, ఇప్పుడు రాయి కోసమని మిషన్లు రమ్మంటున్నరు, ఈ అడవి ఎవరిది?" సెప్టెంబర్ 16న శాసనసభ వద్దని ఏకగ్రీవంగ తీర్మానం చేసింది, పని ఆగింది. ఆ ముసలాయన ప్రశ్నకు మాత్రం నేను ఇప్పటికీ జవాబు చెప్పలేదు.

#12 · ధ్రువతార

పంతులు గారూ, మీరు అడగాల్సిందే అడిగారు. దీని మీద నేను ఒక పక్క నిలబడి మాట్లాడలేను, ఎందుకంటే ఇద్దరి ఇళ్లలోనూ భోంచేశాను.

మైదానం లోపల ఉన్న ఊరు ఒకటే, కాక్టోవిక్. 250 మంది ఉంటారు. ఇనూపియాట్ జనం, తిమింగలాన్ని వేటాడి ఊరంతా పంచుకుని తినేవాళ్లు. వాళ్లలో చాలామంది తవ్వకాన్ని కోరుకుంటున్నారు. ఎందుకో వాళ్ల వైపు నుంచి చూడండి. 1972లో ఆ ప్రాంతానికి సొంత స్థానిక ప్రభుత్వం ఏర్పడింది. ప్రుడో బే కట్టడాల మీద వేసే ఆస్తి పన్నే దాని ఆదాయంలో దాదాపు మొత్తం. ఆ డబ్బుతోనే బడి, ఆస్పత్రి, ఇళ్లలోకి గొట్టపు నీళ్లు, మరుగుదొడ్లు వచ్చాయి. అంతకుముందు బకెట్లే, మైనస్ 40లో. ఊరి సంఘానికి ఆ అభయారణ్యంలో 92,000 ఎకరాల సొంత భూమి ఉంది, కానీ చుట్టూ ఉన్న నేల తెరవకపోతే తమ భూమిలోనూ తాము తవ్వుకోలేరు. "మా నేల మధ్యలో మమ్మల్ని పెట్టి, మమ్మల్ని అడక్కుండా గీత గీసి, ఇప్పుడు మాకు ప్రకృతి పాఠం చెప్తారా?" అని ఒక పెద్దాయన నన్ను సూటిగా అడిగాడు. ఆయన దగ్గర నేను తల దించుకున్నాను. సముద్రంలో తవ్వకం అంటే మాత్రం అదే ఊళ్లో చాలామంది వద్దంటారు. తిమింగలం పోతే తాము లేమంటారు.

కొండల అవతల, దక్షిణాన గ్విచిన్ జనం. అలాస్కాలోనూ కెనడాలోనూ కలిపి కొన్ని వేలమంది. వాళ్లకు క్యారిబూ అంటే తిండి, బట్ట, కథ, పెళ్లి విందు, అన్నీ. మంద దారి వెంబడే ఊళ్లు కట్టుకున్నారు. ఆ మైదానాన్ని వాళ్ల భాషలో 'జీవం మొదలయ్యే పవిత్ర చోటు' అంటారు. కరువు రోజుల్లో కూడా వాళ్లు అక్కడ అడుగు పెట్టలేదని చెప్తారు, ఈనే తల్లిని కదిలించకూడదని. 1988లో ఆర్కిటిక్ విలేజ్ అనే ఊళ్లో రెండు దేశాల గ్విచిన్‌లూ కూడి, తవ్వకం వద్దని ఒక్కమాటగా తీర్మానించారు. అప్పటి నుంచి వాషింగ్టన్ చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. మొదట వెళ్లినవాళ్ల మనవలు ఇప్పుడు వెళ్తున్నారు.

ఒక జనానికి తిమింగలం, ఒక జనానికి క్యారిబూ. చమురు ఉన్నది క్యారిబూ ఈనే చోట.

#13 · గల్ఫ్‌కోస్ట్

కాక్టోవిక్ గురించి నిజాయితీగా రాసినందుకు థాంక్స్. పర్యావరణ సంఘాల కరపత్రాల్లో ఆ ఊరు అసలు ఉండదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఒక విషయం చేర్చాలి. గ్విచిన్‌లు కూడా 1980లలో తమ సొంత భూముల్లో చమురు అన్వేషణకు లీజు ఇచ్చారు. ఏమీ పడలేదు. అంటే అది మత విశ్వాసం కాదు, ఎవరి నేల అన్న లెక్క.

#14 · పెంటబడి

అన్నా, ఇది నాకు తప్పనిపిస్తలేదు. నా పొలంల బోరు వేసుకుంట, దేవునిగుట్ట మీద వేయనియ్య. రెండూ ఒకే మనిషి చెప్పొచ్చు. వాళ్లు లీజుకిచ్చింది దూడలు పుట్టే చోటును కాదు కద?

#15 · ధ్రువతార

కాదు. కొండలకు దక్షిణాన ఉన్న వాళ్ల సొంత భూమి అది.

#16 · నిర్వాహకులు

ఒక సభ్యుడి పోస్టు తొలగించాం. కాక్టోవిక్ జనాన్ని 'అమ్ముడుపోయినవాళ్లు' అన్నారు. ఇక్కడ లేనివాళ్ల గురించి అలా రాయొద్దు. చర్చ బాగా నడుస్తోంది, కొనసాగించండి.

#17 · ఉప్పుటేరు

గల్ఫ్‌కోస్ట్ తమ్ముడూ, నీ మాటల్లో ఒకదానికి నేను జవాబు చెప్పాలి. "గట్టి నియమాలున్న చోట తవ్వడం మేలు" అన్నావు కదా.

1995 జనవరి 8. నాకప్పుడు పదకొండేళ్లు. పాశర్లపూడి బావి పేలింది. మా ఊరు ఆ చోటికి కొన్ని మైళ్ల దూరం. ముందు శబ్దం వచ్చింది, పెద్ద విమానం నెత్తిమీద ఆగిపోయినట్టు. ఆ శబ్దం ఆగలేదండి. రాత్రయితే పెరట్లో దీపం అక్కర్లేదు, ఎర్రటి వెలుగులో ధాన్యం గింజ ఏరొచ్చు. కోళ్లు అర్ధరాత్రి కూసేవి. దగ్గర ఊళ్లవాళ్లు గొడ్డూగోదా తోలుకుని మా బడిలో వచ్చి పడ్డారు. కొబ్బరి మట్టలు నిలువునా మాడిపోయాయి. 65 రోజులు మండింది. బయటి దేశాల నిపుణులు వస్తే గానీ ఆరలేదు. మా నాన్నకి ఆ తర్వాత ఎడమ చెవి సరిగా వినపడలేదు, ఆ శబ్దం వల్లో కాదో నాకు తెలీదు, ఆయన మాత్రం అదేనని నమ్మాడు.

కంపెనీ చెడ్డదని నేను అనటం లేదు. నియమాలు లేవనీ అనటం లేదు. పుస్తకాల నిండా ఉన్నాయి. 2014 జూన్ 27న మా కోనసీమలోనే నగరం అనే ఊళ్లో తెల్లవారుజామున గ్యాస్ గొట్టం పేలి 20 మందికి పైగా కాలిపోయినప్పుడూ నియమాలున్నాయి. నీ అలాస్కాలోనే 2006లో ప్రుడో బే దగ్గర తుప్పుపట్టిన గొట్టం నుంచి 2 లక్షల గ్యాలన్ల పైన చమురు కారింది, ఎవరూ చూడకుండా రోజుల తరబడి కారింది. అదీ నియమాలున్న చోటే.

మా కోనసీమ ఎలాగూ మనుషులున్న చోటు. పేలితే పరిగెత్తాం, అరిచాం, కలెక్టరు వచ్చాడు, పేపరోళ్లు వచ్చారు. ఈ మైదానం మూడు కోనసీమలంత ఉంది. అక్కడ పేలితే అరిచేవాళ్లెవరు?

#18 · తేయాకు (డిబ్రూగఢ్ నుంచి, పుట్టింది తుని)

ఉప్పుటేరు గారి పోస్టు చదివి ఆగలేకపోయాను. ఉద్యోగరీత్యా అస్సాంలో ఉన్నాను. ఇక్కడ 2020 మే నెలలో రెండు జరిగాయి. డిబ్రూ-సైఖోవా జాతీయ పార్కు కింద ఉన్న చమురు కోసం ఏడు బావులకు పర్యావరణ అనుమతి వచ్చింది. పార్కులో కాలు పెట్టం, బయట నిలబడి అడ్డంగా తొలుస్తాం అన్నారు, గల్ఫ్‌కోస్ట్ గారు చెప్పిన పద్ధతే. అదే మే 27న ఆ పార్కు పక్కనే ఉన్న బాఘ్‌జాన్ బావి అదుపు తప్పింది. జూన్ 9న అంటుకుంది. మంటలార్పే సిబ్బంది ఇద్దరు చనిపోయారు. నవంబరు దాకా ఆరలేదు. మాగురి చెరువు నీళ్ల మీద నూనె తెట్టు కట్టింది, గంగా డాల్ఫిన్ కళేబరం తేలింది. వేలమంది శిబిరాల్లో గడిపారు.

అడ్డంగా తొలవడం వల్ల నేల మీద అడుగు తగ్గుతుంది, ఒప్పుకుంటాను. బావి పేలితే ఆ మంట, ఆ నూనె పార్కు సరిహద్దు రాయి దగ్గర ఆగవు.

#19 · లెక్కలపుస్తకం

ఈక్వడార్ గురించి ఎవరూ ఎత్తలేదు. తవ్వొద్దంటే నష్టం ఎవరు భరించాలి అన్న ప్రశ్నను నిజంగా ప్రపంచం ముందు పెట్టింది ఆ దేశమే.

అమెజాన్‌లో యాసునీ అని జాతీయ పార్కు. కింద 84 కోట్ల బ్యారెళ్ల పైన చమురు. బయటి ప్రపంచంతో సంబంధం వద్దనుకుని బతికే రెండు తెగలు ఆ అడవిలోనే ఉన్నాయి. 2007లో అధ్యక్షుడు కొర్రెయా ఒక ప్రతిపాదన పెట్టాడు: మేం తవ్వం, మాకు పోయే ఆదాయంలో సగం, 360 కోట్ల డాలర్లు, 13 ఏళ్లలో ప్రపంచం ఇవ్వాలి. నాకు తెలిసిన ప్రభుత్వ ప్రతిపాదనల్లో ఇంత సూటి లెక్క మరొకటి లేదు. ఆరేళ్లకు చేతికొచ్చింది 1.3 కోట్ల డాలర్లు. 2013లో ఆ మాట విరమించుకున్నారు, 2016లో చమురు తీయడం మొదలైంది.

అక్కడితో అయిపోలేదు. యువకులు పదేళ్లు సంతకాలు సేకరించి, కోర్టుల్లో పోరాడి, 2023 ఆగస్టు 20న దేశమంతా ఓటు వేయించారు. 59 శాతం మంది ఆపేయమన్నారు. డబ్బున్న దేశమేం కాదు అది, చమురు దాని ప్రధాన ఎగుమతుల్లో ఒకటి. మూసే పని చాలా నెమ్మదిగా నడుస్తోంది, మొదటి బావి మూసింది ఏడాది గడిచాక. నడుస్తున్న బావిని మూయడం ఎంత కష్టమో దాన్ని చూసి నేర్చుకోవాలి. ఆర్కిటిక్ మైదానంలో ఇంకా ఆ పని మొదలుకాలేదు, అది నాకు పెద్ద తేడా.

#20 · పెంటబడి

యాసునీల దేశమంతా ఓటేసింది సరే. ఆ పార్కున్న ప్రాంతం వాళ్లు ఎట్ల వేసిండ్రు?

#21 · లెక్కలపుస్తకం

మంచి ప్రశ్న. ఒరెయానా ప్రాంతంలో, అంటే యాసునీ ఉన్న చోట, తవ్వకం కొనసాగాలనే ఎక్కువమంది వేశారు. ఉద్యోగాలు అక్కడే కదా. వావొరానీ తెగ నాయకులు మాత్రం ఆపమని ముందు నిలబడ్డారు. మళ్లీ కాక్టోవిక్, గ్విచిన్ కథే.

#22 · ఉప్పుటేరు

గల్ఫ్‌కోస్ట్ తమ్ముడూ, నిన్ను ఒక్కటి అడుగుతా, మనసులో మాట చెప్పు. రేపు నీ కంపెనీ ఆ మైదానంలో బిడ్ వెయ్యాలనుకుంది. లెక్క నీ చేతికొచ్చింది. వెయ్యమంటావా?

#23 · గల్ఫ్‌కోస్ట్

అన్నా, రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

వద్దంటాను. డబ్బు కోసం మాత్రమే కాదు. అక్కడ ఇప్పటిదాకా తవ్విన బావి ఒక్కటే, కాక్టోవిక్ భూమిలో, 1986 చలికాలంలో పూర్తయింది. ఫలితాన్ని మూడు దశాబ్దాలు దాచారు. ఏమీ పడలేదని 2019లో పత్రికల్లో వచ్చింది. ఒక్క బావితో మైదానం ఖాళీ అని చెప్పలేం. కానీ తేల్చుకోవాలంటే మళ్లీ ఆ నేలనంతా సీస్మిక్ వాహనాలతో గాలించాలి. ధ్రువతార గారు చెప్పిన చాళ్లు 40 ఏళ్ల నాటివి. చమురు ఉందో లేదో చూసుకోవడానికే అంత గాయం చేయాలంటే, అది నేను చేయను.

కానీ పూర్తిగా మీ పక్కకు వచ్చానని అనుకోకండి. పడమర వైపు పెట్రోలియం రిజర్వు ఉంది. 1923లో చమురు కోసమే కేటాయించిన నేల. 2023లో అనుమతి పొందిన విల్లో చమురు ప్రాజెక్టు అక్కడిదే. దాన్ని నేను సమర్థిస్తాను. పైప్‌లైన్‌కు చమురు అక్కడి నుంచి రావాలి, కాక్టోవిక్ బడికి డబ్బూ అక్కడి పన్నుల నుంచి రావాలి. ఆ పని చేయకుండా వాళ్లకు 'వద్దు' అని మాత్రమే చెప్పేవాళ్లతో నేను ఇప్పటికీ ఏకీభవించను.

#24 · ధ్రువతార

విల్లో మీద మనకు పెద్ద తగవే ఉంది. అక్కడా క్యారిబూ ఉన్నాయి, టెషెక్‌పుక్ సరస్సు దగ్గర ఈనే మంద. దానికి వేరే చర్చ తెరుద్దాం. ఈ మైదానం విషయంలో మీరు రాసిన మాటకు మాత్రం కృతజ్ఞతలు. ఆ పెద్దాయనకు చెప్తాను, బడి డబ్బు గురించి అడిగిన తెలుగువాడు ఒకడున్నాడని.

#25 · నేరేడుచెట్టు

శుక్రవారం క్లాసులో ఈ చర్చే పాఠంగా చెప్తాను. పిల్లలకు రెండు మ్యాపులు పక్కపక్కన పెట్టాలనుకుంటున్నాను. ఒకటి లీజుకు తెరిచిన ముక్కలు, ఇంకొకటి దూడలు పుట్టే చోట్లు. ధ్రువతార గారూ, రెండోది మీ దగ్గర ఉంటే పంపగలరా? కెనడా వైపు కూడా ఉండాలి. అక్కడ ఇవ్వావిక్, వుంటుట్ అని రెండు జాతీయ పార్కులు పెట్టి ఆ దేశం తన వైపు నేలను ఎప్పుడో కాపాడుకుంది, 1987లో మంద కోసం రెండు దేశాలూ ఒప్పందం కూడా రాసుకున్నాయి. మంద సరిహద్దు దాటేది ఎక్కడో పిల్లలు వేలితో చూపించాలి.

#26 · ధ్రువతార

పంపాను, మీ ఇన్‌బాక్స్ చూడండి. 30 ఏళ్ల పైబడిన రికార్డు అది, ఏ ఏడు ఎక్కడ ఈనాయో రంగుల్లో ఉంటుంది. ఒక రంగు మీద ఇంకో రంగు పడి కొన్ని చోట్ల నల్లగా కనబడుతుంది. అది అచ్చుతప్పు కాదు. దాదాపు ప్రతి ఏడూ తల్లులు వచ్చిన చోటు అది.